ముక్క కొనాలా? తురుము కొనాలా?

పాస్తా మీద చల్లుకునే పార్మెజాన్ చీజ్‌ను ఇంట్లో తురుముకుంటే వచ్చే రుచి, తురిమి అమ్మే ప్యాకెట్‌లో ఎందుకు రాదు? ఆ ప్యాకెట్‌లో చీజ్‌తో పాటు ఇంకేముంటుంది? ఇటలీ పాల కేంద్రాల నుంచి అమెరికా కోర్టుల దాకా సాగిన కథ ఇది.

మన ఇళ్లలోనూ ఇప్పుడు పిల్లలు పాస్తా అడుగుతున్నారు. దాని మీద చల్లే పార్మెజాన్ చీజ్ హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతోంది. ఫ్రిజ్ అరలో అది రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి ముక్క. రాయిలా గట్టిగా, ఒక అంచున తొక్కతో, ప్లాస్టిక్‌లో బిగించి ఉంటుంది. రెండోది తురుము. సంచిలోనో, మూతకు చిల్లులున్న డబ్బాలోనో ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లకైతే ఆ డబ్బా పిజ్జా షాపు బల్ల మీదే ఎదురవుతుంది. ఎక్కువమంది చెయ్యి తురుము మీదికే వెళుతుంది. పని తగ్గుతుంది, గ్రేటర్ పళ్ల మధ్య ఇరుక్కున్న చీజ్‌ను కడిగే బెడద ఉండదు. ఉద్యోగం నుంచి ఏడింటికి ఇల్లు చేరి ఎనిమిదింటికి పిల్లలకు అన్నం పెట్టాల్సిన తల్లిని ఇందుకు ఎవరూ తప్పుపట్టలేరు.

అయితే గట్టి చీజ్‌ను తురిమిన క్షణం నుంచి అది రెండింటిని పోగొట్టుకుంటుంది. ఒకటి వాసన, రెండోది చిరునామా. వాసన పోయిన సంగతి ముక్కు చెబుతుంది. చిరునామా పోయిన సంగతి తినేవాళ్లకు తెలియదు. చట్టాలూ, కోర్టు తీర్పులూ పుట్టింది ఈ రెండోదాని కోసమే.

తొక్క మీద రాసిన పేరు

పార్మెజాన్ అనే పేరుకు మూలం ఇటలీలోని పర్మిజానో రెజ్జానో. ఉత్తర ఇటలీలో పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా జిల్లాలు, బొలోన్యాలో రెనో నదికి పడమటి భాగం, మాంతోవాలో పో నదికి దక్షిణపు భాగం. ఈ హద్దుల్లో మేసిన ఆవుల పాలతో, ఈ హద్దుల్లోనే చేస్తేనే ఆ పేరు పెట్టుకునే హక్కు. ఆవులకు సైలేజ్, అంటే పాతరేసి పులియబెట్టిన మేత, పెట్టకూడదు. సాయంత్రం పిండిన పాలను రాత్రంతా కదపకుండా ఉంచి, పైకి తేలిన మీగడ తీసేస్తారు. తెల్లవారి పిండిన పాలను మీగడతో సహా అందులో కలుపుతారు. పాలను కాచరు, పాశ్చరైజ్ చేయరు. ఆ పచ్చిపాలు గంట ఆకారంలో ఉండే పెద్ద రాగి గంగాళాల్లోకి వెళతాయి. ముందురోజు చీజ్ తీయగా మిగిలిన తేటను పులియబెట్టి తోడుగా వేస్తారు. ఆ తర్వాత దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వేస్తే పాలు గడ్డకడతాయి. ఆ గడ్డను తీగల గరిటెతో బియ్యపు గింజంత ముక్కలయ్యేదాకా చిదిపి, 55 డిగ్రీల దాకా వేడిచేస్తారు. అడుగున చేరిన ముద్దను గుడ్డతో పైకి లాగి రెండుగా కోస్తారు. ఒక్కో గంగాళం నుంచి వచ్చేది రెండు చక్రాలే. ఒక్కో చక్రానికి దాదాపు 550 లీటర్ల పాలు ఖర్చవుతాయి. మాగేసరికి అది 40 కిలోలకు అటూఇటూ తూగుతుంది.

అచ్చులో ఉండగానే చక్రం చుట్టూ చుక్కలతో 'పర్మిజానో రెజ్జానో' అని పేరు పడుతుంది. ఏ పాల కేంద్రంలో చేశారో దాని సంఖ్య, చేసిన నెల, సంవత్సరం కూడా తొక్క మీదికి ఎక్కుతాయి. తర్వాత కొన్ని వారాలు ఉప్పునీళ్లలో నానాలి. ఆ పైన కొయ్య బల్లల మీద కనీసం 12 నెలలు మాగాలి. ఇరవై నాలుగు నెలలు, ముప్ఫై ఆరు నెలలు మాగబెట్టేవీ ఉన్నాయి. ఏడాది నిండాక పరీక్షకుడు వస్తాడు. చిన్న సుత్తితో చక్రం చుట్టూ తడుతూ చెవి ఒగ్గి వింటాడు. లోపల పగులున్నా, బోలు ఉన్నా శబ్దం మారుతుంది. గట్టెక్కిన చక్రం మీద కాల్చి ముద్ర వేస్తారు. తప్పిన చక్రం తొక్క మీది పేరును చిత్రిక పట్టి చెరిపేస్తారు. ఆ తర్వాత దాన్ని ఆ పేరుతో అమ్మటానికి వీల్లేదు.

ఈ ముద్రకున్న విలువ ఎంతటిదంటే, రెజ్జో ఎమీలియాలోని క్రెదెమ్ బ్యాంకు దశాబ్దాలుగా ఈ చక్రాలను తాకట్టు పెట్టుకుని ఉత్పత్తిదారులకు అప్పులిస్తోంది. బ్యాంకు గోదాముల్లోనే అవి మాగుతుంటాయి. మాగేకొద్దీ సరుకు విలువ పెరుగుతుంది, ఈలోగా రైతుకు పాల డబ్బు అందుతుంది. ప్రతి చక్రానికీ పేరు, సంఖ్య ఉండబట్టే ఈ ఏర్పాటు నిలబడింది.

ఇప్పుడు ఆ చక్రాన్ని పగలగొట్టి, తొక్క తీసి, యంత్రంలో వేసి పొడి చేశారనుకోండి. పేరు లేదు, సంఖ్య లేదు, నెల లేదు. లేతపసుపు తురుము ఏది చూసినా ఒక్కలాగే ఉంటుంది. అది పార్మా నుంచి వచ్చిందో, మరో దేశపు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో, రెండూ కలిసిందో కంటితో చెప్పటం నిపుణుడికైనా కష్టం.

కొండంత తురుము కోరిక

తురిమిన చీజ్ మీద మోజు ఇవాళ్టిది కాదు. బొకాచియో 14వ శతాబ్దం నడుమ రాసిన 'డెకామెరాన్'లో ఒక కల్పిత దేశం వస్తుంది. అక్కడ పర్మిజానో తురుముతోనే ఏర్పడిన కొండ ఉంటుంది. దాని మీద నిలబడిన జనానికి మకరోనీ వండి కిందికి దొర్లించటమే పని. ఆ రోజుల్లో ఇటలీ పేదవాడు కలగన్న సుఖం అది. అంటే ఈ చీజ్ పుట్టిన కొద్ది తరాలకే దాన్ని తురుముకుని తినటం ఇటలీలో అందరికీ తెలిసిన అలవాటు. మారింది ఒక్కటే. అప్పుడు తినే ముందు తురిమేవారు. ఇప్పుడు నెలల ముందు, వేల కిలోమీటర్ల అవతల తురుముతున్నారు.

తురిమితే జరిగేదేమిటి? కాస్త లెక్క చూద్దాం. ఒక సెంటీమీటరు ఘనం ముక్కకు గాలి తగిలే ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరు ఘనాలుగా చేస్తే వెయ్యి ముక్కలవుతాయి, ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లవుతుంది. ఇంకా సన్నగా తురిమితే ఇంకా పెరుగుతుంది. నాలుకకు రుచి వెంటనే అందేది ఇందువల్లే. తురుము గొప్పదనం అదే, బలహీనతా అదే. పెరిగిన ఉపరితలం గుండా వాసననిచ్చే పదార్థాలు గాలిలో కలిసిపోతాయి. తేమ ఆరిపోతుంది. కొవ్వు మీద ఆక్సిజన్ పనిచేసి పాతవాసన పుట్టిస్తుంది. వెలుతురు తగిలే పారదర్శకమైన సంచిలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. అప్పుడే కోరిన కొబ్బరికీ, ప్యాకెట్‌లో వచ్చే ఎండు కొబ్బరి పొడికీ ఉన్న తేడా మన వంటింట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే.

మాగిన చీజ్‌లో వాసన పోయినా నిలిచేవి కొన్ని ఉన్నాయి, అవీ చెప్పుకోవాలి. ఉప్పు పోదు. మాంసపు చారులో తగిలే ఆ లోతైన కమ్మదనానికి కారణమైన గ్లుటమేట్ పోదు. నెలల తరబడి మాగుతుంటే ప్రొటీన్ విరిగి ఇది ఊరుతుంది. 100 గ్రాముల చీజ్‌లో విడి గ్లుటమేట్ ఒక గ్రాము దాటే ఉంటుంది. డబ్బా తురుము చల్లినా కూర బాగుందనిపించటానికి కారణం ఇదే. పళ్లరసపు తీపివాసన, వేయించిన జీడిపప్పు వాసన, పంటికి తగిలే తెల్లటి పలుకులు మాత్రం ముక్కలోనే దొరుకుతాయి. ఆ పలుకులు ఉప్పురవ్వలు కావు. ప్రొటీన్ విరిగినప్పుడు ఏర్పడే టైరోసిన్ స్ఫటికాలు.

అంటుకోకుండా వేసే పొడి

తురుము తేమకు ముద్దకడుతుంది. అలా కట్టకుండా కంపెనీలు సెల్యులోజ్ పొడి, బంగాళదుంప పిండి, సిలికాన్ డయాక్సైడ్ వంటివి కలుపుతాయి. బూజు పట్టకుండా నాటమైసిన్, సార్బేట్ లాంటివి వేస్తాయి. సెల్యులోజ్ అంటే మొక్కల పీచు. కొన్ని కంపెనీలు దాన్ని కలప గుజ్జు నుంచి తీస్తాయి. తింటే హాని లేదు, అరగకుండా బయటికి పోతుంది. విషం కలిపారంటూ బెదరాల్సిన పని లేదు. అడగాల్సింది వేరు. ఎంత కలిపారు? ఆ సంగతి డబ్బా ముందువైపు చెప్పారా?

అమెరికాలో ఇది గట్టి గొడవే అయింది. పెన్సిల్వేనియాలోని ఒక కంపెనీ అమ్మిన 'నూరుశాతం తురిమిన పార్మెజాన్'లో అసలు పార్మెజానే లేదని ప్రభుత్వ తనిఖీలో తేలింది. చవక రకాల చీజ్‌లూ, సెల్యులోజూ కలిపి ఆ పేరు పెట్టారు. 2016లో కంపెనీ నేరం ఒప్పుకుంది. తర్వాత మరికొన్ని కంపెనీల డబ్బాల మీద వినియోగదారులు కోర్టుకెక్కారు. ముందువైపు 'నూరుశాతం' అని ఉంటుంది. వెనకవైపు చిన్న అక్షరాల్లో సెల్యులోజ్ పేరు ఉంటుంది. వెనక్కి తిప్పి చదువుకోవాల్సింది కదా అని కంపెనీలు వాదించాయి. 2020 డిసెంబరులో అక్కడి ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఇచ్చిన మాటను వెనకవైపు చిన్న అక్షరాలతో సరిచూసుకోవాల్సిన బాధ్యత కొనేవాడి మీద లేదంటూ దావాలు కొనసాగనిచ్చింది. ఎక్కడ కొనేవాళ్లకైనా ధైర్యమిచ్చే మాట ఇది.

ఐరోపాలో పట్టు ఇంకా గట్టిది. 2008లో యూరప్ న్యాయస్థానం 'పార్మెజాన్' అన్న పేరు పర్మిజానో రెజ్జానోనే గుర్తుకు తెస్తుందని తేల్చింది. దాంతో వేరే చీజ్‌లకు ఆ పేరు అక్కడ చెల్లదు. అంతకు ముందు 2003లో వచ్చిన తీర్పు నేరుగా తురుము గురించే. పర్మిజానోకు దగ్గరి చుట్టం గ్రానా పదానో. దాన్ని ఇటలీ నుంచి తెప్పించి ఫ్రాన్స్‌లో తురిమి, ప్యాక్ చేసి అమ్మే కంపెనీ వ్యవహారం అది. పుట్టిన ప్రాంతంలోనే తురిమి, అక్కడే ప్యాక్ చేయాలనే షరతు సబబేనని న్యాయస్థానం చెప్పింది. తురమటం సరుకు నాణ్యతనూ పేరునూ దెబ్బతీయగల ముఖ్యమైన పని అనీ, పుట్టినచోట జరిగితేనే దాని మీద సరైన నిఘా ఉంటుందనీ గుర్తించింది. షరతును ముందుగా బహిరంగంగా ప్రకటించి ఉండాలని కూడా అంది.

పర్మిజానో రెజ్జానో తురుముకు ఇప్పుడున్న నియమాలు ఈ ఆలోచనతోనే రాసినవి. పుట్టిన ప్రాంతంలోనే తురమాలి. తురిమిన వెంటనే ప్యాక్ చేయాలి. ఏ పొడీ, ఏ రసాయనమూ కలపకూడదు. తొక్క భాగం 18 శాతం మించకూడదు. తేమ 25 నుంచి 35 శాతం మధ్య ఉండాలి. ప్యాకెట్‌లో ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ లాంటి వాయువు నింపుతారు కాబట్టి కట్ చేసేదాకా తురుము బాగానే ఉంటుంది. కాబట్టి తురుమంతా ఒక గాటన కట్టి చెడ్డదనటం అన్యాయం. పదార్థాల జాబితాలో చీజ్ పేరు తప్ప మరొకటి లేని ప్యాకెట్ ఒక రకం. సెల్యులోజ్, పిండి, సార్బేట్ వరసగా కనిపించే డబ్బా ఇంకో రకం.

పెనం మీద తేలే నిజం

తేడా కళ్లారా చూడాలనుకునేవాళ్లకు ఇంట్లోనే దారి ఉంది. నాన్‌స్టిక్ పెనాన్ని సన్నటి సెగ మీద పెట్టండి. ఒకవైపు అప్పుడే తురిమిన పార్మెజాన్ ఒక చెంచా, ఇంకోవైపు డబ్బా తురుము ఒక చెంచా, రెండూ పలచగా పరవండి. నిమిషం లోపే మొదటిదాని అంచులు కరిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కొవ్వు చిన్న చిన్న బుడగలై చిటపటమంటుంది. మధ్య మధ్య కన్నాలతో అల్లికలా విచ్చుకుంటుంది. బంగారు రంగు రాగానే దించి చల్లారనిస్తే చెక్కు చెదరకుండా ఒకే పలకగా లేస్తుంది. వంటిల్లంతా వేయించిన గింజల వాసన నిండుతుంది. ఇటలీ ఈశాన్యాన ఫ్రియూలీలో దీని అన్ననే ఫ్రికో అని పిలుచుకుంటారు, మొంతాజో చీజ్‌తో చేసుకుంటారు. ఇక సెల్యులోజ్ ఎక్కువ కలిసిన తురుము వైపు చూడండి. రేణువులు దేనికవే ఉండిపోతాయి. కరిగినట్టే ఉంటాయి గానీ అతుక్కోవు. అట్లకాడతో కదిపితే విడిపోతాయి, అంచులు ముందే మాడతాయి. ఒక్కో రేణువుకూ చుట్టూ పూసిన పొడి అడ్డం పడటమే కారణం. ఏమీ కలపని ప్యాకెట్ తురుము కరగటంలో ముక్కతో సమానంగానే ఉంటుంది. వాసనలో మాత్రం వెనకబడుతుంది.

సాస్‌లో కథ కొంచెం మెలిక తిరుగుతుంది. 'కాచో ఎ పెపే' అని రోమ్ వాళ్ల పాస్తా ఒకటుంది. గొర్రెపాల పెకోరీనో చీజ్, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్లు, అంతే. చేయి తిరిగినవాళ్లకు కూడా అప్పుడప్పుడు సాస్ విరిగి ముద్దలవుతుంది. ఇటలీ భౌతికశాస్త్రవేత్తల బృందం దీని మీద పరిశోధన చేసింది. 2025లో భౌతికశాస్త్రంలో ఇగ్ నోబెల్ బహుమతి వాళ్లకే వచ్చింది. చీజ్ బరువులో 2 నుంచి 3 శాతం పిండిపదార్థం ఉంటే వేడికి ప్రొటీన్ ముద్దకట్టకుండా ఆగుతుందని వాళ్లు తేల్చారు. 200 గ్రాముల చీజ్‌కు 4 నుంచి 6 గ్రాములన్నమాట. ఆ పిండిని ముందుగా నీళ్లలో ఉడికించి చిక్కబరిచి కలపాలి. డబ్బా తురుముకు పొడిగా పట్టించిన పచ్చి పిండి ఆ పని చేయదు. సాస్ నాలుకకు ఇసుకలా తగలటానికి అదీ ఒక కారణం. కాబట్టి ముక్క తెచ్చుకుని సన్నగా తురమండి. పొయ్యి కట్టేసి, గిన్నె సెగ తగ్గాక కలపండి. పాస్తా నీళ్లు పారబోయకండి.

ఏ గ్రేటర్‌తో తురమాలన్నదీ ముఖ్యమే. నాలుగు పలకల గ్రేటర్‌లో సన్న చిల్లుల వైపు చాలు. ఇంకా సన్నగా కావాలంటే పొడుగాటి రంపపు పట్టీ లాంటి మైక్రోప్లేన్ ఉంది. అది మొదట కర్రను నున్నగా చేసే ఆకురాయి. అమెరికాలోని ఆర్కన్సాలో తయారయ్యేది. 1994లో కెనడాలో ఒక గృహిణి కేకు కోసం దాని మీద నారింజ తొక్క తురమటంతో వంటింటి పనిముట్టయింది. దానితో తురిమిన చీజ్ దూదిలా పొంగుతుంది. అందుకే కప్పు కొలత నమ్మకండి. అదే కప్పులో డబ్బా పొడి రెట్టింపు కన్నా ఎక్కువ బరువు తూగవచ్చు. గ్రాముల్లో తూచండి. ఒక్కో మనిషి పాస్తాకు 10 నుంచి 15 గ్రాములు ధారాళంగా సరిపోతుంది.

బూజు పడితే

ఇంటి ఖర్చు లెక్కపెట్టేవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఈ విషయం. గట్టి చీజ్ ముక్క మీద ఒకచోట బూజు వస్తే, దాని చుట్టూ, కింద ఒక అంగుళం మేర కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చని అమెరికా వ్యవసాయ శాఖ సలహా. కత్తి బూజుకు తగలకుండా చూసుకోవాలి. ఇంత గట్టి, తేమ తక్కువ ముక్కలో బూజు లోతుకు పోలేదు. అదే తురుములో బూజు కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే. రేణువుల మధ్య అది ఎంతవరకు పాకిందో కంటికి కనిపించదు. ఎండాకాలంలో కరెంటు పోయి ఫ్రిజ్ గంటల తరబడి ఆగే ఊళ్లలో ఈ తేడా డబ్బుల రూపంలో తెలుస్తుంది. ముక్కను బటర్ పేపర్‌లో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచితే వారాల తరబడి ఉంటుంది. తొక్క కూడా చీజే. మైనం పూత కాదు. గీరి, కడిగి సూపులో వేసి మరిగిస్తే ఆ కమ్మదనం చారంతా దిగుతుంది. కిలో లెక్కన తొక్కకూ డబ్బు కట్టాం కదా, పారేయటం దేనికి?

తురుము ప్యాకెట్ పనికొచ్చే చోట్లూ లేకపోలేదు. కట్లెట్ల మీద బ్రెడ్ పొడితో కలిపి అద్దటానికి, ఓవెన్‌లో పెట్టే బంగాళదుంపల మీద చల్లటానికి, పదిమంది పిల్లల పుట్టినరోజు వంటకు అది చాలు. వేయించే వంటల్లో సున్నితమైన వాసన ఎలాగూ నిలవదు. ఒకటే మాట, ఏమీ కలపనిది కొనండి. తెరిచాక మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టేయండి. పాస్తా మీద, సలాడ్ మీద, సూపు మీద ఆఖర్న చల్లుకోవటానికి మాత్రం ముక్కే తెచ్చుకోండి. అక్కడ నాలుకకు చీజ్ తప్ప మరేదీ అడ్డం ఉండదు.

శాకాహారులకు ఒక మాట. పర్మిజానో రెజ్జానో దూడ రెన్నెట్‌తోనే చేస్తారు, అందులో మినహాయింపు లేదు. గ్రానా పదానోకూ పశువుల నుంచి తీసిన రెన్నెటే. పాల పదార్థమే కదా అని తెలియక తినేవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లకు తెలియాల్సిన సంగతి ఇది. మైక్రోబియల్ రెన్నెట్‌తో చేసిన అలాంటి గట్టి చీజ్‌లు దొరుకుతాయి. ఆ మాట లేబుల్ మీద ఉందో లేదో, ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఏదో ఒక కంపెనీ తురుము మీద ఉన్న 'పార్మెజాన్' అనే పేరు ఒక్కటే చూసి రెన్నెట్ సంగతి ఊహించలేం.

మన ఊళ్లలో పెద్ద చీజ్ దిమ్మెలు తెచ్చి, తురిమి, చిన్న డబ్బాల్లో సర్ది అమ్మే దుకాణదారులకు కూడా ఒక విన్నపం. ఆ డబ్బా మీద మూడు సంగతులు రాయండి: అది ఏ దేశపు ఏ చీజ్, ఏ రెన్నెట్‌తో చేసింది, ఏ తేదీన తురిమారు. ఇటలీలో తొక్క మీద సంఖ్యతో సహా ఉండే వివరాలను మీరు కొనేవాడికి ఒక స్టిక్కర్ మీద ఇవ్వగలరు. కొనేవాళ్లు కూడా అడగండి. చెప్పలేకపోతే ఆ డబ్బా అక్కడే వదిలేసి, పక్కనున్న ముక్క తీసుకోండి.